స్టిక్కర్‌పేట సత్యాలు

అయ్యా, స్టిక్కర్‌పేట అని ఒక ఊరుంది. మ్యాపులో వెతక్కండి, దొరకదు. బందరు రోడ్డు మీదా ఏలూరు రోడ్డు మీదా షోరూముల్లో అమ్మే ప్రతి వస్తువూ ముందు ఆ ఊళ్లో పరీక్ష రాసి, మార్కుల కాగితం నుదుటికి అంటించుకుని మన దగ్గరకొస్తుంది.

గొప్ప ఊరు. అక్కడ నిండు ఎండలో కూడా సోలార్ ప్యానెల్ ఒంటి వేడి 25 డిగ్రీలు దాటదు. అక్కడి స్కూటర్ మీద 75 కిలోల మనిషి ఒక్కడే కూర్చుంటాడు. వెనక భార్య ఉండదు, మధ్యలో పిల్ల ఉండదు, కాళ్ల దగ్గర బియ్యం బస్తా ఉండదు. ఆయన జన్మలో గంటకు 42 కిలోమీటర్లు దాటి పోడు. ఏసీ బయటి డబ్బా చుట్టూ గాలి 35 డిగ్రీలు, గది లోపల 27. ఇన్వర్టర్ బ్యాటరీ 27 డిగ్రీల హాయిలో ఇరవై గంటల పాటు తీరిగ్గా ఖాళీ అవుతుంది. వోల్టేజీ ఊగదు. దుమ్ము లేదు, పావురాలు లేవు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అసలే లేదు.

ఆ ఊళ్లో కంపెనీలు చెప్పేవన్నీ అక్షరాలా నిజాలు. వినియోగదారుల ఫోరంకు వెళ్లినా గెలవలేనంత నిజాలు. చిక్కల్లా ఆ వస్తువులు కొనేవాళ్లెవరూ ఆ ఊళ్లో ఉండకపోవడం. మనం ఉండేది బెజవాడలో. ఎండల ధాటికి బ్లేజ్‌వాడ అని ఎకసెక్కం పడ్డ ఊళ్లో.

ముందు సూర్యుడి సంగతి చూద్దాం. ఈ ఊరికి ఆయనతో ఉన్నంత చుట్టరికం ఇంకెవరితోనూ లేదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల లెక్క అన్నానుగా. చదరపు మీటరుకు వెయ్యి వాట్ల ఎండ కాస్తూ ప్యానెల్ 25 దగ్గరే ఆగాలంటే చుట్టూ గాలి సున్నాకు అటూ ఇటూగా ఉండాలి. అంటే మధ్యాహ్నం పన్నెండింటికి ఇంద్రకీలాద్రి మీద మంచు కురవాలి. అమ్మవారి దయవల్ల ఇప్పటిదాకా అలాంటి ఉపద్రవం రాలేదు. రోహిణి కార్తెలో నీడపట్టునే 44 పలికే రోజున డాబా మీద ప్యానెల్ 65, 70 డిగ్రీల దాకా కాలుతుంది. 25 దాటిన ఒక్కో డిగ్రీకి దాని శక్తి నూటికి 0.3 నుంచి 0.4 వంతున తరుగుతుంది. నలభై డిగ్రీల తేడాకు ఏడోవంతు గాల్లో కలిసింది. పైన దుమ్ము పొర, పావురాల ప్రసాదం అదనం. ఎండలు ముదిరితే సోలార్ విరగకాస్తుందనుకునే అమాయకుడికి ఈ ముక్క ఏ సేల్స్ కుర్రాడూ చెప్పడు. ఆ కుర్రాడికీ ఎవరూ చెప్పలేదేమో, పాపం.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. పూర్తి పేరులోనే ముఫ్త్ బిజిలీ ఉంది. కోటి ఇళ్లకు, నెలకు 300 యూనిట్ల దాకా ఉచిత కరెంటు అన్నారు. మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు 78 వేల రాయితీ నిజమే, వస్తుంది. మిగతా లక్షకు అటూ ఇటూ బ్యాంకు అప్పు, అదీ వస్తుంది. ఉచితానికి నెల వాయిదా ఉండటం మన కాలపు ఆవిష్కరణ. అయినా లెక్క వేస్తే కొన్నేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చే బేరమే, కాదనను. పెట్టుబడి అని చెబితే జనం పెట్టరా? లాభనష్టాలు చూసుకునే వ్యాపారస్తుల ఊరిది. ఉచితం అంటేనే అనుమానం వస్తుంది.

అసలు తమాషా కరెంటు పోయినప్పుడు. పన్నెండింటికి నిప్పులు కురుస్తుంటాయి. డాబా మీద రెండు లక్షల రూపాయల ప్యానెళ్లు సూర్యుడి కేసి కళ్లప్పగించి చూస్తుంటాయి. కింద హాల్లో ఫ్యాను ఆగిపోయి ఉంటుంది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన సోలార్, గ్రిడ్ పోతే తానూ ఆగిపోతుంది. అది లోపం కూడా కాదు, న్యాయమైన నిబంధన: స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మీ డాబా మీది కరెంటు వెనక నుంచి వచ్చి కొట్టకూడదు. మరి ఆ సంగతి కరపత్రంలో ఏ మూల ఉంది? ఎక్కడా లేదు. సొంత కరెంటు, సొంత ఇంట్లో, సొంత సూర్యుడితో అని పాటలాగా చెప్పినవాడు, బ్యాటరీతో కలిపి పెట్టాలంటే ఖర్చు ఇంకో మెట్టు ఎక్కుతుందని మాత్రం అడిగితే గానీ చెప్పడు.

ఇక డాబా ఎవరిది? బెజవాడ అపార్ట్‌మెంట్ల ఊరు. అయిదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, ఒక డాబా. దాని మీద నీళ్ల ట్యాంకులు, ఒక పక్క సెల్ టవరు, ఇంకో పక్క బట్టల తీగలు, మిగిలిన జాగాలో వడియాలు. మొత్తం భవనానికి కలిపి పెట్టుకుంటే ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18 వేల రాయితీ ఉంది. అంటే లిఫ్టుకూ, మోటారుకూ, మెట్ల మీది బల్బుకూ. దానికి ముందు ఇరవై మంది ఒక మాట మీదకు రావాలి. సెల్లార్లో కారు పెట్టుకునే గీత దగ్గరే పదేళ్లుగా ఒక మాట మీదకు రానివాళ్లు, సూర్యుడి దగ్గర వస్తారా? అద్దెకున్నవాడి సంగతి అడగొద్దు. సూర్యుడు అందరివాడే గాని డాబా తాళంచెవి సెక్రటరీ గారి దగ్గరుంటుంది.

సరే, స్కూటర్ కొందాం. ఇదిగో, పటమట వైపు ఏదో ఒక షోరూములో రోజూ వినపడే మాటలు:

“రేంజ్ ఎంత బాబూ?”

“నూట యాభై సార్.”

“వస్తుందా?”

“సర్టిఫైడ్ సార్.”

“వస్తుందా అని అడిగాను.”

“ఎకో మోడ్‌లో నూట ఇరవై అనుకోండి.”

“నేనూ మా ఆవిడా కలిసి కంకిపాడు మీదుగా గుడివాడ వెళ్లి రావాలయ్యా.”

“ఇద్దరైతే వంద వేసుకోండి సార్.”

“మా ఆవిడకు లేటైతే నాకు కోపం. కాస్త తొందరగా తోలతాను.”

“ఎనభై, తొంభై మధ్య ఉంటుంది సార్.”

“మూడేళ్ల తర్వాత?”

“అప్పటికి కొత్త మోడల్ వచ్చేస్తుంది సార్.”

పంచపాండవులెందరంటే మంచంకోళ్లలాగా ముగ్గురని రెండు వేళ్లు చూపించి పలక మీద ఒకటి వేసినవాడు ఇప్పుడు బతికుంటే ఏ కంపెనీ మార్కెటింగ్ విభాగంలోనో పెద్ద ఉద్యోగంలో ఉండేవాడు. ఆ నూట యాభై దొంగ లెక్క కాదు. సర్కారు వారి పరీక్షా పద్ధతిలో, 42 దాటని వేగంలో, రోలర్ల మీద తిరిగిన బండి సాధించిన అంకె. బెంజ్ సర్కిల్ దగ్గర నడిమధ్యన ఆగి, వెనక బస్సు హారన్ కొడుతుంటే ఒక్కసారిగా లాగించి వారధి ఎక్కే బండికి ఆ అంకెతో పనేమిటి?

ఇప్పుడు ఇంకో సంగతి. ఆ బండికి ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉంటుంది. వెనక పొగ గొట్టం ఉండదు. సున్నా కాలుష్యం అంటారు. పొగ గొట్టం లేదన్నది శుద్ధ అబద్ధం. ఉంది. బండికి కాస్త దూరంగా, ఇబ్రహీంపట్నంలో, కృష్ణ ఒడ్డున ఆకాశమంత ఎత్తున నిలబడి ఉంది. 1979లో ఒక్క 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలైన ఆ థర్మల్ కేంద్రం 2023లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ కలిశాక 2,560 మెగావాట్లయింది. నార్ల తాతారావు గారి పేరు పెట్టారు. సింగరేణి నుంచీ, ఒడిశా తాల్చేరు నుంచీ రైళ్ల మీద బొగ్గొస్తుంది. మన దేశపు బొగ్గులో మూడోవంతు దాకా బూడిదే. ఒక యూనిట్ కరెంటుకు సుమారు ఏడు వందల గ్రాముల బొగ్గు మండాలి. స్కూటర్ బ్యాటరీ నిండాలంటే మూడున్నర యూనిట్లనుకుంటే, ఆ కరెంటంతా బొగ్గుదే అయినప్పుడు, ఒక్కో నిండు ఛార్జికి ముప్పావు కిలో బూడిద. లబ్బీపేటలో స్కూటర్ తెల్లగా మెరుస్తుంటుంది. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు ఆరేసిన చీర సాయంత్రానికి రంగు మారుతుంది. తెల్లపొణికి కర్రతో బొమ్మ చెక్కి రంగులేసే కొండపల్లి కళాకారుడికి, రంగు వేయకముందే ఒక పూత ఉచితంగా పడుతోంది. దీన్నీ ముఫ్త్ పథకాల కింద రాసుకోవచ్చు.

ఇంతవరకు చదివి వాట్సాప్ బాబాయ్ ఒకాయన చప్పట్లు కొడుతుంటాడు. “నేను ముందే చెప్పలా? ఎలక్ట్రిక్ బండి పెట్రోలు బండికన్నా ఘోరం!” ఆగు బాబాయ్. నీదీ స్టిక్కర్‌పేటే, కాకపోతే అవతలి వీధి. దేశం సగటు కరెంటుతో లెక్కేస్తే, ఆ కరెంటులో ఎక్కువ వంతు బొగ్గుదే అయినా, ఎలక్ట్రిక్ స్కూటర్ కిలోమీటరుకు పడేసే కార్బన్ పెట్రోలు స్కూటర్‌దానిలో సుమారు సగం. బెంజ్ సర్కిల్‌లో ట్రాఫిక్ పోలీసు ముక్కులోకి పోయే పొగ అసలే లేదు. ఖర్చు సంగతా? పెట్రోలు మీద కిలోమీటరుకు రెండు రూపాయల పైమాటే. కరెంటు ఎంత ఎక్కువ స్లాబులో కాల్చినా రూపాయికి మూడు కిలోమీటర్లు దాకా పోవచ్చు. బ్యాటరీ మార్చాల్సిన రోజున బండి ఖరీదులో మూడోవంతో ఇంకా ఎక్కువో కక్కాలి. ఆ లెక్క కూడా పక్కన పెట్టుకుని కొనాలి. అంతే సంగతి. సున్నా కాదు, సగం.

ఆ సగం చాలదా? నాకు అంతుబట్టనిది ఇదే. నిజమే గెలిచే చోట అబద్ధాన్ని పోటీకి దించడం దేనికి? ఎల్ఈడీ బల్బును చూడండి. అరవై వాట్ల గుండు బల్బు చేసే పని తొమ్మిది వాట్లతో చేసి, ఇంటింటికీ వెళ్లిపోయింది. పని చేసే వస్తువుకు పెద్దగా ప్రచారం అక్కర్లేదు.

ఏసీ దగ్గరకొద్దాం. డబ్బా మీద అయిదు నక్షత్రాలు, పక్కన ఏడాదికి ఇన్ని యూనిట్లు అన్న అంకె. టన్నున్నర ఏసీకి ఏడు వందల యాభై దగ్గర ఉంటుంది. ఏడాదంటే వాళ్ల పంచాంగంలో 1,600 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండు వందల రోజులు. గదిలో ముసలివాళ్లూ, పరీక్షలకు చదివే పిల్లలూ, ఇంటి నుంచి పనిచేసే కోడలూ ఉన్న సత్యనారాయణపురం ఇంట్లో ఆ 1,600 గంటలు తీరాక కూడా క్యాలెండర్లో కాగితాలు మిగిలి ఉంటాయి. టన్నున్నర అన్న బలం కూడా బయట 35 డిగ్రీలున్నప్పటిది. మే నెలలో, అందులోనూ వెంటిలేషన్ సందులో అయిదంతస్తుల ఏసీ డబ్బాలు ఎదురుబొదురు నిలబడి ఒకరి వేడి ఒకరి మొహాన ఊదుకునే చోట, ఆ బలం ఎంతకు దిగుతుందో రాసే స్టిక్కర్ ఇంకా అచ్చు కాలేదు. ఇక నక్షత్రాలు కూడా శాశ్వతం కాదు. 2022 జూలైలో నిబంధనలు బిగించినప్పుడు అయిదు నక్షత్రాల ఏసీ రాత్రికి రాత్రి నాలుగు నక్షత్రాలదైంది. నిబంధన బిగించడం మంచిదే. గోడ మీది ఏసీ మాత్రం ఏమీ ఎరగనట్టు పాత అయిదూ చూపిస్తూ నవ్వుతూనే ఉంటుంది.

ఈ తేడాలన్నీ ఎక్కడ తేలతాయి? స్లాబుల్లో. మన రాష్ట్రంలో ఇంటి కరెంటు మొదటి ముప్పై యూనిట్లకు రూపాయి తొంభై పైసలు. 225 దాటితే యూనిట్ 8.75. నాలుగొందలు దాటితే 9.75. స్టిక్కర్ తప్పిన ప్రతి యూనిట్ పైనున్న స్లాబులోనే పడుతుంది. రూపాయి తొంభైలో పడదు. కంపెనీ అంచనా తప్పితే కంపెనీకి పోయేదేమీ లేదు. తప్పిన ప్రతిసారీ అత్యధిక ధర కట్టేది మనం.

ఇక బిల్లును అదుపులో పెట్టుకోవడానికి స్మార్ట్ మీటరొచ్చింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దాన్ని పగలగొట్టాలనిపించడం, అధికారంలోకొచ్చాక దాని సుగుణాలు కనపడటం మన రాజకీయాల్లో రుతుధర్మం. దాని జోలికి పోను. మీటరు గొప్పతనమే చెబుతాను. గడియ గడియకూ ఎంత వాడుతున్నామో చూపిస్తుంది. బాగుంది. ఆ యూనిట్ ధరెంతో మాత్రం అదీ చెప్పలేదు. 2022-23లో తిప్పుకున్న ఫ్యానుకు కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు కింద 6,072 కోట్లు, 2023-24లో తిప్పుకున్నదానికి 9,412 కోట్లు వసూలు చేసుకోవచ్చని విద్యుత్ నియంత్రణ మండలి 2024 చివర్లో తేల్చింది. గాలి ఎప్పుడో ఒంటిమీద నుంచి వెళ్లిపోయింది, ధర తీరిగ్గా తర్వాతొచ్చింది. మీటరు ఎంత తెలివైనదైనా మన మధ్యాహ్నపు కునుకు ఖరీదు తెలియాలంటే ఏడాదో రెండేళ్లో మేలుకుని కూర్చోవాల్సిందే.

పల్లెల్లోకి పోదాం. కొల్లేరు చుట్టుపట్ల కైకలూరు, కలిదిండి వైపు రొయ్యల చెరువుల దగ్గర నిలబడి, “ఎండ ఇంతుంది, మీరంతా సోలార్‌కు మారొచ్చుగా” అని సెలవిచ్చే నిపుణులు తరచుగా వస్తుంటారు. పగలే వస్తారు. చెరువులో ప్రాణవాయువు పగలు నాచు వల్ల తయారవుతుంది. చీకటి పడ్డాక తయారీ ఆగుతుంది, వాడకం ఆగదు. తెల్లవారుజామున దాని మట్టం అట్టడుగుకు చేరుతుంది. ఏరేటర్లు హోరెత్తాల్సింది అప్పుడు. రెండు గంటలు కరెంటు లేకపోతే తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. దాంతోపాటు రైతు అప్పు కూడా తేలుతుంది. అందుకే గట్టు మీద డీజిల్ జనరేటర్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నిపుణుడు పడుకున్నాక మొదలయ్యే అవసరానికి నిపుణుడు మేల్కొన్నాక వచ్చే సూర్యుడు ఏం చేస్తాడు? రాత్రికి నిలవ ఉంచే బ్యాటరీ ధర చెప్పండి, యూనిట్ రూపాయిన్నర రాయితీ కరెంటుతో పోల్చి చెప్పండి, అప్పుడు రైతు వింటాడు. మీకన్నా లెక్కలు బాగా వచ్చు ఆయనకు.

వరి చేలో డ్రోన్ సంగతి ఇంకా సొగసు. పది లీటర్ల ట్యాంకు, పది నిమిషాల్లో ఎకరం మందు కొడుతుంది. తైవాన్ పంపు వీపున మోసి మందు పీల్చే కూలీ బాధ తప్పుతుంది. ఇదంతా నిజమే, మంచిదే. ఫొటోలో డ్రోన్ ఆకాశంలో ఉంటుంది, కింద చీర కట్టుకున్న ఆపరేటరమ్మ చేతిలో రిమోట్ ఉంటుంది. ఫొటో అంచు బయట ఒక ట్రాలీ ఆటో ఉంటుంది. అందులో నాలుగైదు జతల బ్యాటరీలు, వాటిని ఛార్జి చేయడానికి టకటకమంటూ ఒక జనరేటర్. ఒక్కో బ్యాటరీ పది పదిహేను నిమిషాలకే చేతులెత్తేస్తుంది మరి. ఫొటో తీసేవాడు రెండడుగులు వెనక్కి జరిగితే హరిత విప్లవం పూర్తిగా ఫ్రేములోకి వస్తుంది, పొగతో సహా.

డ్రోన్ అనగానే 2024 గుర్తొస్తుంది. సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద. మేడల మీద నిలబడ్డ జనానికి డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. అందినవాళ్లకు అది అమృతమే, వెక్కిరించను. కానీ ఒక్కో డ్రోన్ మోసేది కొన్ని కిలోలు. అక్కడ ఆకలితో ఉన్నది లక్షల మంది. అసలు బరువు మోసింది పడవలు, ట్రాక్టర్లు, పీకల్లోతు నీళ్లలో నడిచిన మనుషులు. కరెంటు రోజుల తరబడి లేదు. ఫోన్లు చచ్చిపోయాయి. ఎండ మళ్లీ కాసినా ఆ మేడల మీద గ్రిడ్‌కు కట్టేసిన ప్యానెల్ ఉంటే అది ఒక్క ఫోన్‌నైనా ఛార్జి చేసేది కాదు. ఎనిమిది వారాలు తిరగకుండానే, అక్టోబరు 22న, పున్నమి ఘాట్ ఆకాశంలో 5,500 డ్రోన్లు ఎగిరి అయిదు గిన్నిస్ రికార్డులు కొట్టాయి. బుడమేరు కట్ట ఎంత పటిష్ఠంగా ఉందో కొలిచే గిన్నిస్ విభాగం ఇంకా పెట్టలేదు. పెడితే మనవాళ్లు శ్రద్ధ చూపిస్తారేమో.

పెద్దవాళ్ల స్టిక్కర్లు కూడా ఉన్నాయి. 2021 డిసెంబరులో మన కరెంటు పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, కేంద్ర సౌర విద్యుత్ సంస్థ ‘సెకి’తో ఒప్పందం రాసుకున్నాయి: ఏడు వేల మెగావాట్ల సౌర విద్యుత్, యూనిట్ 2.49. రైతుకు పగటి పూట ఉచిత కరెంటుకని చెప్పారు. ఎండ రాజస్థాన్‌ది, పొలం మనది, కేసేమో న్యూయార్క్‌లో. ఆ ఒప్పందాల చుట్టూ లంచాల ఆరోపణలతో 2024 నవంబరులో అక్కడ నేరాభియోగాలు దాఖలయ్యాయి, సంబంధితులు కాదన్నారు. నా గొడవ ఆ 2.49తో. అది మధ్యాహ్నపు ధర. సాయంత్రం ఏడింటికి ఊరంతా ఏసీలు వేసేసరికి సూర్యుడు ఉండడు. అప్పుడు డిస్కంలు కరెంటు ఎక్స్ఛేంజీలో యూనిట్ పది రూపాయల గరిష్ఠ ధర దాకా పెట్టి కొంటాయి. సౌర విద్యుత్ చవకే. చవకగా దొరికే వేళా, మనకు కావలసిన వేళా వేరు. ఆ రెండు వేళల మధ్య దూరానికి అయ్యే ఖర్చే అసలు ధర. దాన్ని ఏ శంకుస్థాపన సభలోనూ చదవరు.

నది దాటితే అమరావతి. 2050 నాటికి 2,700 మెగావాట్లు అవసరం పడుతుందని, అదంతా పునరుత్పాదక శక్తితోనే నడిచే ప్రపంచంలో తొలి నగరం అదేనని 2025లో ప్రకటించారు. ఆ ఒడ్డున 2,700 మెగావాట్ల హరిత స్వప్నం, ఈ ఒడ్డున 2,560 మెగావాట్ల నల్లటి నిజం. రాయపూడి వైపు నిలబడి నదికి అడ్డంగా చూస్తే ఇబ్రహీంపట్నం గొట్టాలు కళ్లెదుటే ఉంటాయి. ఏడాది మొత్తం మీద కొన్న హరిత యూనిట్లూ, వాడిన యూనిట్లూ కాగితం మీద సరిపోతే నూటికి నూరు హరితం అయిపోయినట్టేనా? లేక ప్రతి రాత్రి ఎనిమిదింటికి ప్రతి వీధి దీపానికీ లెక్క సరిపోవాలా? మొదటిది గుమాస్తా చేయగలడు. రెండోది ఇంజినీరు చేయాలి. ఏది చేయబోతున్నారో ఇప్పుడే చెబితే, పాతికేళ్ల తర్వాత మనవలకు సంజాయిషీ చెప్పుకునే పని తప్పుతుంది.

ఇక్కడ కాసేపు వెక్కిరింత ఆపుతాను. 2022 ఏప్రిల్‌లో సూర్యారావుపేటలో ఒక ఇంట్లో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన కొత్త స్కూటర్ బ్యాటరీ రాత్రి పేలింది. ఇంటాయన చనిపోయాడు, భార్య తీవ్రంగా కాలిపోయింది. అదే వారం నిజామాబాద్‌లోనూ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన ప్రాణం పోయింది. బ్యాటరీ ఊడదీసి ఎక్కడైనా ఛార్జి చేసుకోవచ్చన్నది ఇలాంటి బండ్లకు గొప్పగా చెప్పుకునే సుగుణం. మన ఇరుకిళ్లలో ఎక్కడైనా అంటే మంచం పక్కనే. ఒక సెల్ వేడెక్కితే మంట పక్క సెల్‌కు పాకకుండా చూసే పరీక్షలతో భద్రతా నిబంధనలు బిగించింది ఆ మరణాల తర్వాతే. 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి చివరి నుంచి రెండో విడత అమల్లోకి వచ్చాయి. అమ్మకం ముందు, పరీక్ష తర్వాత. ఆ వరస వల్ల ఏం జరుగుతుందో సూర్యారావుపేటకు తెలుసు.

కాబట్టి కంపెనీలవారికీ, సర్కారువారికీ ఒక మనవి. మీ స్టిక్కర్‌పేట అంకె అలాగే ఉంచుకోండి, ఇతర దేశాల ముందు చూపించుకోవడానికి పనికొస్తుంది. దాని కింద అంతే సైజు అక్షరాల్లో బెజవాడ అంకె వేయండి. బయట 44 డిగ్రీలున్న మే మధ్యాహ్నం ప్యానెల్ ఎంతిస్తుంది, ఏసీ ఎంత తాగుతుంది? ఇద్దరు ఎక్కి గంటకు అరవై కిలోమీటర్ల చొప్పున పోతే బండి ఎంత దూరం పోతుంది, మూడేళ్ల తర్వాత ఎంత పోతుంది, అప్పుడు బ్యాటరీ ఖరీదెంత? కరెంటు పోతే ఈ వస్తువు పనిచేస్తుందా, చేయదా, ఒక్క ముక్క. ఈ కరెంటు ఏ గొట్టం నుంచి వచ్చింది, దాని బూడిద ఎవరి పెరట్లో పడింది? కొలిచే యంత్రాలు మీ దగ్గరే ఉన్నాయి. ఈ అంకెలూ మీ దగ్గరే ఉన్నాయి. మాకు చెప్పడం ఒక్కటే మిగిలింది.

చెబితే అమ్మకాలు పడిపోతాయని భయమా? పడిపోవు. ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ లారీ కొనేటప్పుడు ఇంజిన్ విప్పి చూసే జాతి మాది. ఉన్నదున్నట్టు చెప్పినవాడి దగ్గరే మళ్లీ మళ్లీ కొంటాం, మా తరవాత మా బావమరిదినీ పంపిస్తాం. అంతవరకు ఆ నక్షత్రాలు మీ షోరూములోనే ఉంచుకోండి. మాకు కావలసినన్ని పైన ఉన్నాయి. కరెంటు పోయిన రాత్రి డాబా ఎక్కితే చాలు, సర్దుబాటు ఛార్జీ పైసా లేకుండా కనిపిస్తాయి.